ఎడమ కాలు కొలత

సారంగపాణి కొక్కెం విసిరి, బెల్టు మీద అడ్డం తిరిగిన వెదురు గడను నిలువుకు లాగాడు. ఇంకోటి. మళ్లీ ఇంకోటి. సారపాక కాగితం మిల్లు యార్డులో ఇరవై రెండేళ్లుగా ఇదే పని. గడలు ముందుకు పోతాయి, చిప్పరు మిషను నోట్లో పడి తునాతునకలవుతాయి, ఆయన మాత్రం ఉన్నచోటే ఉంటాడు. కాంట్రాక్టర్లు ఆరుగురు మారారు గానీ ఆయన నిలబడే సిమెంటు దిమ్మె మారలేదు.

ఎడమ మోకాలు వంగదు. చిన్నప్పుడు ఇప్పచెట్టు మీంచి పడితే అలాగే బిగుసుకుపోయింది. డ్యూటీకి తనతో పనిచేసే రవీందర్ స్కూటీ వెనక కూర్చుని రావాలి, వాడు పోయినప్పుడే పోవాలి. ఆటోల్లేవా అంటారేమో, బోలెడున్నాయి. ఎక్కితే మాత్రం ఏం, వాడు ఆపిన చోటేగా దిగాలి! గోదావరి బ్రిడ్జి ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరం ఉంటుందేమో. దాని నడుమ తనకు బుద్ధిపుట్టిన చోట ఆగి, తనివితీరా నీళ్లు చూడాలని ఆయన కోరిక. యాభై నాలుగేళ్లొచ్చినా తీరలేదు. నవ్వుతారని భార్య శోభారాణికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సొంత సైకిలుంటే తీరేదే గానీ, షాపులో దొరికేదేదీ ఆ కాలుకు పనికిరాదు. ఎడమ పెడలు కడ్డీ పొట్టిగా, హ్యాండిలు జానెడు ముందుకు పెట్టి కట్టించుకోవాల్సిందే.

ఆ రోజు డ్యూటీ దిగాక రవీందర్‌ను వెల్డింగు షాపు దగ్గర ఆపమన్నాడు. చందూలాల్ కాలు చూసి, "ఇనుప పైపుతోటి కొడ్తా భాయ్, ఎల్లుండికి రెడీ" అన్నాడు. అక్కడున్న ఫ్రేము ఎత్తబోతే సారంగపాణికి నడుం కలుక్కుమంది. ఒంటికాలి బలంతో ఇంత ఇనుమును తొక్కడం తన వల్ల కాదనిపించింది.

పక్కనే బొజ్జయ్య తట్టలు అల్లి అమ్ముతాడు. కిందటేడు ఎవరో పట్నం పిల్లలు వచ్చి నేర్పితే వెదురుతో రెండు సైకిళ్లు కట్టాడు. రెండూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

"వెదురా? మిషిన్ల పడితే నిమిషం ఆగదు!" అన్నాడు సారంగపాణి.

"మిషిన్ల ఏసెటోనికి గట్లనే కనబడ్తది పాణన్నా. జర కొట్టి చూడు."

అక్కడున్న ఎండిన గడ మీద సారంగపాణి వేళ్లతో కొట్టాడు. ఖంగుమంది. యార్డులో పచ్చిగడలు ఎన్నడూ అలా పలకలేదు.

"గిదే కట్టు నాకు."

"గిది వేరేటోళ్లది. నీకు అమాస ముంగట కొత్తది నరకాలె. పొయ్యి మీద కట్టి ఎనిమిది నెలలు పొగ పట్టియ్యాలె. లేకుంటే పురుగు తింటది."

"ఎనిమిది నెలలా!" రవీందర్ నెత్తి కొట్టుకున్నాడు. "ఇనుపది కొట్టియ్యి కాకా, ఎల్లుండే తొక్కుతవ్."

"ఇరవై రెండేండ్లు ఆగిన. ఎనిమిది నెలలు ఆగలేనా?"

బొజ్జయ్య ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, తుంటి నుంచి మడమ దాకా ఒక వెదురు బద్ద ఆనించి, కత్తితో గాటు పెట్టాడు. ఆ కాలును చూసి అయ్యో అనకుండా కొలత తీసుకున్నవాడు ఆయన బతుకులో ఇతనొక్కడే. సారంగపాణి ఆ గాటును వేలితో తడిమి చూసుకున్నాడు.

సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "సైకిలొచ్చినంక నేను ముంగట పోయి బ్రిడ్జి మీద నీకోసం నిలబడ్త" అన్నాడు. "అబ్బో, మొఖం జూడు, పెండ్లికొడుకు లెక్క!" అని శోభారాణి ఇంకో గరిటె పప్పు వేసింది.

తెల్లారి రవీందర్ హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. సారంగపాణి నిద్రలోనే పోయాడు. మర్నాటికి సిమెంటు దిమ్మె మీద వేరే మనిషి నిలబడ్డాడు.

బొజ్జయ్య మాత్రం అమాస ముందే గడలు నరికాడు, పొగలో కట్టాడు. ఎనిమిది నెలలకు సైకిలు నడిపించుకుంటూ వచ్చి శోభారాణి గుమ్మంలో నిలబెట్టాడు. "కొలత తీసినంక కట్టకుంటే ఎట్ల వదినా" అన్నాడు. రవీందర్ ఎక్కి చూశాడు, ఇంటి పక్కవాళ్లూ చూశారు. ఎవరికీ కుదరలేదు.

పొద్దు వాలకముందే శోభారాణి దాన్ని తోసుకుంటూ బ్రిడ్జి నడుమకు పోయింది. రెయిలింగుకు ఆనించి, ఎవరూ తొందరపెట్టకుండా చాలాసేపు నీళ్లు చూసింది. సీటు కింది గడకు బొజ్జయ్య కట్టిన ఆ కొలత బద్ద ఇంకా అలాగే ఉంది, చివర కత్తి గాటుతో.