మెత్తని అపచారం

మానవుని పిరుదులకూ సైకిలు సీటుకూ నడుమ ఎంత మెత్తదనం ఉండవలెనన్నది నాగరికతలు ఇంకా తేల్చుకోని ప్రశ్న. 1979లో, తిరుపతిలో, ఆ ప్రశ్న వచ్చి యతిరాజులు నెత్తిన పడలేదు గాని, అంతకు బాగా దిగువన తగిలింది.

ఆయన ఒక మఠం కచేరీలో గుమాస్తా. రోజూ తిరుచానూరుకు సైకిలు తొక్కేవాడు. తోలు అరిగిపోయి స్ప్రింగులు తేలిన సీటు ఆయనకు పుండ్లు ప్రసాదించింది. వచ్చే నెల మొదటి శుక్రవారం కోవెలలో ఆళ్వారుల పాశురాలు పాడే ప్రబంధ గోష్ఠికి రమ్మని పెద్దలు కబురు పెట్టారు. ఒకప్పుడు తాతగారు కూర్చున్న వరుస అది. అందులో చోటు దక్కడమే ఆయన జీవితాశయం. కాని పాశురాలు ముగిసేదాకా రాతినేల మీద కదలకుండా కూర్చోవాలి.

భార్య వేదవల్లి జాలిపడి, బూరుగుదూది కూరి, పచ్చని గుడ్డతో సీటుకు తొడుగు కుట్టింది. సింహాసనమన్న మాటకు అర్థం యతిరాజులుకు అప్పుడు తెలిసింది. పుండ్లు తగ్గుముఖం పట్టాయి.

ఒకనాడు తొడుగు మీది దుమ్ము దులుపుతూ ఆయన కొయ్యబారిపోయాడు. పచ్చటి నూలుగుడ్డ, పక్కన ఎర్రని అంచు! ఇది తాతగారి పెట్టెలోని శేషవస్త్రం. స్వామికి కట్టి తీసి ప్రసాదంగా ఇచ్చినది. తలకు చుట్టుకోవలసినదాని మీద తాను ఇన్నాళ్ళూ ఏమి మోపాడు!

భార్యను అడగవచ్చు. అడిగితే పాపంలో ఆమెకూ వాటా వస్తుంది. పైగా, తెలిసిన సంగతిని అడగడమూ, పెట్టె తెరిచి సరిచూడడమూ పండితలక్షణం కాదు. తొడుగు విప్పి, దూది తీసి, గుడ్డ ఉతికి, తాను తప్ప ఎవరూ తెరవని పూజామందసంలో దాచాడు.

"సీటు గుడ్డ యాడండీ?" అన్నది వేదవల్లి.

"చేరవలసిన చోటికి చేరింది."

ప్రాయశ్చిత్తంగా శుక్రవారం వరకు వట్టి సీటు మీదనే తొక్కాడు. పుండ్లు పూర్వవైభవం పొందాయి. శుక్రవారం ఆ గుడ్డను తలకు చుట్టి, చివరలు అందక దారంతో ముడివేసి, కోవెలకు వెళ్ళాడు.

"కూచోవయ్యా," అన్నారు గోష్ఠిపెద్ద వేంకటాచలపతి.

"తమ సన్నిధిలోనా స్వామీ! దాసుడు నిలబడే సేవిస్తాడు."

నిలబడే ముగించాడు. పెద్దాయనకు కళ్ళు చెమర్చాయి. "అచ్చం తాత వినయమే! వచ్చేవారం నుంచి ముందువరుస నీదప్పా," అని, ఆ తలగుడ్డను తాకి కళ్ళకద్దుకున్నారు. తక్కినవారూ వరుసగా అద్దుకున్నారు.

యతిరాజులు ఇల్లు చేరేసరికి, పూతలపట్టు నుంచి వచ్చిన బావమరిది సంపత్కుమార్ తిన్నె మీద కాఫీ తాగుతున్నాడు.

"నెత్తిన అదేంది బావా?"

"శేషవస్త్రం," అన్నాడు యతిరాజులు గంభీరంగా.

సంపత్కుమార్ లోటా కింద పెట్టి దగ్గరికొచ్చి చూశాడు. "ఎర్రచార! ఏమే అక్కా, ఇది నేను కబడ్డీ ఆడిన నిక్కరు కదే?"

"నీదేలేరా," అన్నది వేదవల్లి వంటింట్లోనుంచి. "వెనకపక్క అరిగి బాగా మెత్తబడి ఉండాదని, ఆ ముక్కే కత్తిరించినాను."