ఊపిరికి కాపలా

మత్తు డాక్టరమ్మ ఉద్యోగం మానేసిన సంగతి ఆసుపత్రిలో కంటే ఇంట్లోనే ఎక్కువ గోల చేసింది.

"చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగేవాళ్ళ గురించి విన్నాను గానీ అక్కా, ఇంట్లో చూడటం ఇదే మొదలు," అంది చెల్లెలు.

డాక్టరమ్మ నవ్వేసింది. ఆపరేషన్ బల్ల మీద వణికిపోయే మనిషి చెయ్యి పట్టుకుని "నెమ్మదిగా ఊపిరి తీసుకోండి" అంటే, మందు నరంలోకి ఎక్కకముందే సగం భయం దిగిపోవడం ఆవిడ ఇన్నేళ్ళూ కళ్ళారా చూసింది. ఉద్యోగం మొత్తంలో మనసుకు పట్టిన పని అదొక్కటే. ఆ పనే పూర్తిగా చేద్దామని యోగా, ధ్యానం శ్రద్ధగా నేర్చుకుని, బట్టలు కుట్టే దుకాణం మేడ మీద గది అద్దెకు తీసుకుంది.

ఆసనాలు చక్కగా సాగాయి. చిక్కంతా ధ్యానంతోనే వచ్చింది. అందరూ కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చోగానే ఆవిడ గుండె జారేది. ఆపరేషన్ థియేటర్లో అయితే మనిషి క్షేమంగా ఉన్నాడని యంత్రం కీచుకీచుమంటూ చెబుతూనే ఉండేది. ఇక్కడ ఆ భరోసా లేదు. "మీ ఊపిరిని గమనించండి" అని వాళ్ళకు చెప్పి, ఎవరి ఛాతీ లేస్తోందో, ఎవరిది లేవడం లేదో చూసుకుంటూ కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగేది. కళ్ళు మూసుకోవడం నేర్పే మనిషి ఆ గదిలో ఒక్కసారి కూడా కళ్ళు మూసింది లేదు.

ఒకరోజు రిటైరైన బస్సు డ్రైవరు గోడ పక్కన కూర్చున్నాడు. ఊపిరి ఎంత సన్నబడిందంటే చొక్కా గుండీ కూడా కదలడం లేదు. తల కాస్త ముందుకు వాలింది. ఆవిడ ఆలోచించేలోపే చేతులు తమ పాత పని చేసేశాయి. వెనకనుంచి వెళ్ళి, మత్తులో ఊపిరాడని మనిషికి చేసినట్టు రెండు చేతులా ఆయన దవడ పట్టి పైకెత్తి, నోరు తెరిచేసింది.

"అమ్మో! ఏంటమ్మా ఇది? సంతలో ఎద్దుకు చూసినట్టు పళ్ళు చూస్తున్నావు?"

గది గొల్లుమంది. నవ్వు తగ్గాక బ్యాంకు క్యాషియరు మెల్లిగా అన్నాడు: "ఏమనుకోకండి మేడం. మీరలా తిరుగుతుంటే పరీక్ష హాల్లో కూర్చున్నట్టుందండీ మాకు."

ఆ మాట ముల్లులా దిగింది. వదిలేసినా ఊపిరి దానంతటది నడుస్తుందన్న నమ్మకం తనకే లేదు. ఇంకొకరికి ఏం నేర్పుతుంది?

సాయంత్రం ఆసుపత్రి పెద్ద డాక్టరు ఫోన్ చేశాడు. "నీ చోటు ఇంకా ఖాళీగానే ఉందమ్మా. రేపు మధ్యాహ్నంలోపు చెప్పు. లేదంటే కొత్తావిడకు మాటిచ్చేస్తాను."

చెల్లెలు విన్నది. పాత తెల్లకోటు ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించింది. అందులో ఎత్తిపొడుపు లేదు, అంతా ప్రేమే. అందుకే మరీ బాధేసింది.

క్లాసు మూసేస్తున్నానని చెప్పడానికే ఆవిడ మర్నాడు మేడ మెట్లెక్కింది. గుమ్మం దగ్గర డ్రైవరు, పక్కన ఆయన భార్య.

"మా ఆవిడమ్మా. నిన్నటి పళ్ళ కథ చెబితే పడీపడీ నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు సరికదా, చెప్పులేసుకుని బయల్దేరింది."

"నువ్వుండవయ్యా," అని పెద్దావిడ ముందుకొచ్చింది. "కిందటేడు ఆపరేషనైంది నాకు. అప్పట్నించీ మాత్ర లేందే కళ్ళు మూయలేనమ్మా. మూస్తే ఊపిరాగిపోతుందని భయం. నువ్వు కనిపెట్టుకుని ఉంటావటగా?"

"నేను... ఇవాళ క్లాసు చెప్పడానికి రాలేదండీ."

"చెప్పకులే. ఊరికే చూస్తూ ఉండు."

డాక్టరమ్మ గది తలుపు తీసింది. ఆవిడ ఈసారి తిరగలేదు. పెద్దావిడకు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. "చూస్తూనే ఉంటాను. నమ్మకం చాలకపోతే కళ్ళు తెరిచి చూసుకోండి."

పెద్దావిడ మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. దొంగాట ఆడే పిల్లలా ఒక కన్ను తెరిచి చూసి, ఆ తర్వాత రెండూ మూసేసింది. రెప్పల అదురు తగ్గింది. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు. కింద కుట్టుమిషన్లు మొదలయ్యాయి.

చాలాసేపటికి పెద్దావిడ కళ్ళు తెరిచింది. తడిగా ఉన్నాయి. "బతికే ఉన్నానే!" అని మురిసిపోయి, ఎదుటి మనిషిని పరకాయించి చూసింది. "మరి నిన్నెవరు చూస్తారు తల్లీ?"

"నన్నా?"

"నేనున్నాగా. మూసుకో."

ఆవిడ మూసుకుంది. వెంటనే వెనకవరసలో ఎవరిదో ఊపిరి వినబడలేదనిపించి లేవబోయింది. మోకాలి మీద ఒక ముడతల చెయ్యి పడింది. లేవలేదు. అవతల గుర్రు వినిపించింది, డ్రైవరుదే. ఎవరి ఊపిరి వాళ్ళు తీసుకుంటున్నారు. కాసేపటికి ఆవిడకు తన ఊపిరి కూడా తెలిసింది.

మధ్యాహ్నం కాకముందే ఫోన్ చేసింది. "కొత్తావిడని తీసుకోండి సార్. భయపడే పేషెంట్లుంటే మాత్రం ఆపరేషన్‌కు ముందు నా దగ్గరికి పంపండి."

అవతల గొంతు తగ్గించి అడిగాడు పెద్ద డాక్టరు. "పేషెంట్లేనా? డాక్టర్లు రాకూడదా?"

"పొద్దున్నే రండి సార్. పక్కన కూర్చుంటాను."