తేడా లేదన్నమాట

ప్రొఫెసరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారంటే వినబోయేది మంచి కబురు కాదని డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. ఆ రోజు రెండుసార్లు తుడుచుకున్నారు.

ఇంట్లో అందరూ అమ్మడు అని పిలిచే ఆ పరిశోధకురాలు ఆయన ఎదురుగా నిలబడి ఉంది. మతిమరుపు ముదురుతున్నవాళ్లను అరవై మందిని పోగుచేసింది. చీటీలేసి సగం మందికి ఆరు నెలలు జ్ఞాపకశక్తి కసరత్తులు చేయించింది. మిగతా సగం మందితో వారం వారం ఊరికే కబుర్లు చెప్పించింది. మొదట్లో ఓసారి, చివర్లో ఓసారి ఇరవై మాటలు చదివి వినిపించి, అరగంట తర్వాత ఎన్ని గుర్తున్నాయో లెక్క తీయించింది. చివరి లెక్కలో కసరత్తు వాళ్లు కబుర్ల వాళ్లకంటే సగటున అరమాట ముందున్నారు. అరమాటను ఎలా గుర్తుపెట్టుకుంటారో దేవుడికే తెలియాలి.

“వందలో ముప్ఫై ఒకటి,” అన్నారు ప్రొఫెసరుగారు. కసరత్తు వల్ల ఏ మేలూ జరక్కపోయినా, అంత తేడా గాలివాటంగానే వందకి ముప్ఫై ఒక్కసార్లు పడొచ్చని దాని అర్థం. ఐదుకి లోపుంటే గానీ పండితులు తలూపరు.

“అయితే తేడా లేదనేనాండీ?”

“అలా అనకూడదమ్మా. తేడా ఉందని చూపించలేకపోయాం, అంతే.”

ఆ రెండు మాటలకీ మధ్య చాలా దూరముందని ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పారు. నిజమే, ఉంది. ఎలా అన్నా కసరత్తు క్లాసు మాత్రం సోమవారం నుంచి మూతే.

అమ్మడు ఇంటికి పోకుండా తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్లింది. బాబాయి టైలరు. నలభై ఏళ్లు కత్తెర పట్టిన మనిషి, నిరుడు ఒకే కోటుకి రెండు చేతులూ రెండు పొడవుల్లో కత్తిరించాడు. అప్పట్నుంచి పిన్ని షాపు మూసి, కత్తెర బీరువాలో పెట్టి తాళమేసింది. చీటీల్లో ఆయనకి కసరత్తు వచ్చినప్పుడు పిన్ని సంబరం ఇంతా అంతా కాదు. మొదట్లో ఆరు మాటలు చెప్పినవాడు మొన్న ఏడు చెప్పాడు. ఆ ఒక్క మాట మీద పిన్ని గంపెడాశ పెట్టుకుంది.

“వచ్చాయటే ఫలితాలు?” గుమ్మంలోనే అడిగింది.

దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. “వచ్చాయి పిన్నీ. తేడా ఏం లేదు.”

ఒంట్లో తేడా చేస్తే డాక్టరు దగ్గరికి పరిగెత్తే ఇళ్లలో తేడా లేదంటే ఇంకేమిటర్థం? పిన్ని మొహం చేటంతైంది.

“నా నెత్తిన పాలు పోశావే తల్లీ. నాకు తెలుసు, ఆయనకి ఏ తేడా లేదని.” గబగబా బీరువా తీసింది. కత్తెర చీరకొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. “ఏవండీ, వింటున్నారా? రేపు షాపు తీస్తున్నాం.”

బాబాయి కత్తెర వంక చూశాడు గానీ ముట్టుకోలేదు.

అమ్మడికి ఏడుపొచ్చింది. ఊరుకుంటే రేపు ఎవరి బట్టో పాడవుతుంది, లేదా ఆయన వేలే తెగుతుంది. “అది కాదు పిన్నీ. కసరత్తు చేసినవాళ్లకీ చెయ్యనివాళ్లకీ తేడా కనబడలేదు. కబుర్లు చెప్పుకున్నవాళ్లూ ఇంచుమించు అంతే ఉన్నారు. క్లాసు ఆపేస్తున్నారు.”

“మరి ఏడో మాట?”

“అది దానంతట అదే వచ్చుండొచ్చు. మళ్లీ పోవచ్చు.”

పిన్ని కుర్చీలో కూలబడింది.

మాట్లాడింది బాబాయే. “అంటే కుట్టినా కుట్టకపోయినా చిరుగు చిరుగేనన్నమాట,” అన్నాడు, తడబడకుండా. ఇంత తెలివిగా ఆయన మాట్లాడి ఎన్నాళ్లైందో. ఆ తెలివి ఇప్పుడే రావాలా అని అమ్మడికి ఒళ్లు మండింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పిన్ని లేచి కత్తెర బీరువాలో పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి, మొహం కడుక్కుని, మూడు కప్పుల టీతో వచ్చింది. ముగ్గురూ తాగారు.

కప్పు కింద పెడుతూ బాబాయి అమ్మడి వంక చూసి నవ్వాడు. “ఎప్పుడొచ్చావమ్మా? ఫలితాలొచ్చాయా?”

అమ్మడు నోరు తెరిచింది. ఆమె చేతి మీద పిన్ని చెయ్యి పడింది.

“ఇంకా రాలేదండీ,” అంది పిన్ని. “రాగానే చెబుతుంది.”

“బాగానే వస్తాయిలే. నేను ఒక్కరోజు కూడా మానలేదు కదా,” అన్నాడు బాబాయి.