అదనం మూడు

ఆసుపత్రి పాత కంప్యూటర్లో ఉన్న రోగుల వివరాలన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పని అక్కడ ప్రోగ్రాములు రాసే కోడలి నెత్తిన పడింది. ఆ వివరాలు ఇరవై ఆరేళ్ళపాటు తన చేత్తో ఎక్కించి రిటైరైన రికార్డు గుమాస్తా సాక్షాత్తూ ఆవిడ మామగారే. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బల్ల దగ్గర తింటారు. అయినా ఆయన్ని ఒక్క మాట అడగాలని ఆవిడకి తోచలేదు. చదువుకున్నవాళ్ళకి అదో జబ్బు.

పని చెప్పుకోవడానికి సులువే. కొత్త ప్రోగ్రాంలో రోగి అనేది ఒక క్లాసు, ఖాళీ ఫారం లాంటిది. పేరు, వయసు, రక్తం గ్రూపు లాంటివి దాని ప్రాపర్టీలు. ప్రతి ప్రాపర్టీ పైన ఒక యాట్రిబ్యూట్, అంటే చిన్న చీటీలాంటిది, తగిలించాలి: ఇది పాత పట్టికలో ఫలానా గడి నుంచి రావాలి అని. ప్రోగ్రాం ఆ చీటీలు చదువుకుంటూ ఒక్కో గడినీ తెచ్చి దాని చోట పెడుతుంది. చీటీ లేని ప్రాపర్టీ జోలికి పోదు. తప్పని కూడా అనదు, నోరు మూసుకుని దాటిపోతుంది.

నూట పద్నాలుగు చీటీలు తగిలించింది మహాతల్లి. "పడని మందులు" అన్న ప్రాపర్టీకి మాత్రం పాత పట్టికలో జోడీ దొరకలేదు. తెర మీద ఖాళీగా ఉంటే బాగుండదని, ఏమీ రానప్పుడు "లేవు" అని చూపించేలా రాసి చేతులు దులుపుకుంది. పాత పట్టికలో "అదనం 3" అని ఒక గడి మిగిలిపోయింది. తెరిచి చూస్తే "పె", "స", "పె.స". అంతే.

"ఏం రాశారో ఏమో మామయ్యా, ఆ అదనం మూడు నిండా చెత్తే. వదిలేశా," అంది ఆ పూట భోజనాల దగ్గర.

ఆయన కంచంలో సగం అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

సోమవారం ఎనిమిదింటికి కొత్త సాఫ్ట్‌వేర్ మొదలైంది. పదకొండింటికి మామగారు ఫోన్ చేశాడు. అత్తగారి కాలి మీద సెగ్గడ్డ కోయించడానికి ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళాడు.

"అమ్మాయ్, మీ అత్తయ్యకి పడని మందులు లేవని ఇక్కడ తెర మీద ఉందట. నర్సు పెన్సిలిన్ సూది పట్టుకొచ్చింది. అది పడదని నేనే కదా ఎక్కించాను, ఏమైంది?"

"ఏ గడిలో?"

"అదనం మూడులో. ఆ పాతదాంట్లో దానికి చోటెక్కడ ఏడిసింది? ఖాళీగా ఉన్నది అదొక్కటే. పె అంటే పెన్సిలిన్, స అంటే సల్ఫా. రికార్డు గదిలో అందరికీ తెలుసు."

"ముందు ఆ సూది ఆపమనండి!"

"ఆపించాకే నీకు ఫోన్ చేశాను."

ఆవిడ ఆసుపత్రి కంప్యూటర్ గదిలోంచి మేనేజరు గదిలోకి పరుగెత్తి, తప్పు తనదేనని చెప్పి, కొత్తది ఆపించింది. అప్పటికి నలభై ఒక్కమంది వివరాలు తెరిచారు. పాత పట్టికతో సరిచూస్తే అందులో ఒకాయనకి సల్ఫా పడదు, ఆ మాత్రలే రాసిచ్చి పంపేశారు. హెడ్ నర్సు పరుగున వెళ్ళేసరికి ఆయన ఇంకా మందుల షాపు దగ్గర వరుసలోనే ఉన్నాడు. బతికిపోయాడు.

మధ్యాహ్నం మామగారు ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని, ఏ అక్షరానికి ఏ మందో చెప్పాడు. ఆవిడ "పడని మందులు" పైన నూట పదిహేనో చీటీ తగిలించింది: అదనం 3. మళ్ళీ నడిపించి చూస్తే పంతొమ్మిది వందల మంది పేర్ల ఎదుట మందుల పేర్లు వచ్చాయి. అత్తగారిది కూడా వచ్చింది.

అది చూశాక ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది, దాంతోపాటే కోపమూ వచ్చింది.

"ఆ రోజే చెప్పొచ్చు కదా మామయ్యా! ఒక్క మాట!"

"చెత్తని నువ్వే తేల్చేశావు. నన్ను అడగలేదుగా అమ్మా," అన్నాడాయన. "నేనూ రోషానికి పోయాను. చెప్పాల్సింది," అని తలొంచుకున్నాడు.

ఆవిడ మళ్ళీ తెర వైపు తిరిగింది. అదనం మూడు ఖాళీగా ఉన్నవాళ్ళ పేర్లు తెర మీద ఇంకా వేలల్లో ఉన్నాయి. అందరి ఎదుటా "లేవు" అనే ఉంది. కోడ్ మళ్ళీ తెరిచి, ఆ మాట చెరిపేసి, "ఇంకా అడగలేదు" అని రాసింది.