నీలం తగ్గించిన రోజు

ఫిలోఫ్తేయా కర్టెన్ లాగి, కంప్యూటర్ వేసి, స్క్రీన్ వేడెక్కడానికి పావుగంట ఆగింది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస. తరువాత తెల్లకాగితం ఒకటి స్క్రీన్ పక్కన పట్టుకుని, వెలుతురు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం కొద్దికొద్దిగా జరుపుతూ, రెండు తెలుపులూ ఒకటయ్యేదాకా సరిచేసింది. రెండూ వెన్న రంగులో ఉన్నాయి. ఈ మధ్య నాసిరకం కాగితం వస్తోందని సరిపెట్టుకుంది.

ఆమె పని చనిపోయినవాళ్ళ ముఖాలు. బ్రయిలా ఊళ్ళో సమాధిరాళ్ళ మీద అతికించే పింగాణి ఫలకాలకు ఫోటోలు బాగుచేసి పంపుతుంది. పోయినవాళ్ళకు విడిగా తీయించుకున్న ఫోటో ఉండడం అరుదు. బంధువులు పెళ్ళి ఫోటోనో, విందు ఫోటోనో తెచ్చిస్తారు. చేతిలోని గ్లాసు తీసేయాలి. మెడ చుట్టూ వేసిన పరాయి చేతిని చెరిపి, దాని కింద చొక్కా గళ్ళు మళ్ళీ గీయాలి. పెళ్ళి చేసుకోని ఫిలోఫ్తేయా అలాంటి చేతులను వేలకొద్దీ చెరిపింది.

తొమ్మిదింటికి పింగాణి కార్ఖానా యజమాని సాండు ఫోన్ చేశాడు.

"అమ్మా, మళ్ళీ మూడు తిరిగొచ్చాయి. అన్ని ముఖాలూ నీలమే. ఒకావిడైతే, 'మా ఆయన గుండెపోటుతో పోయాడు, డాన్యూబ్ నదిలో పడి కాదు' అని కడిగేసింది."

"స్క్రీన్ సరిచూసుకుంటాను, సాండు బాబూ."

"పోయిన నెలా అదే అన్నారు. పరస్కీవా గారి రాయి శనివారం నిలబెడతారు. ఇదీ నీలంగా వస్తే నేను వేరేవాళ్ళని చూసుకోవాలమ్మా. ఏమీ అనుకోకండి."

పరస్కీవా రైల్వే క్యాంటీన్‌లో వంట చేసిన మనిషి. ఫోటోలో ఎవరి పెళ్ళిలోనో నవ్వుతోంది. ఫిలోఫ్తేయా కంటికి ఆ ముఖం కామెర్లు సోకినట్టు పసుపుగా ఉంది. అలవాటు కొద్దీ నీలం కలపబోయి ఆగింది. స్క్రీన్ అమరికలన్నీ మొదటికి తెచ్చింది. వెలుతురు పెంచింది, తగ్గించింది. గదిలో బల్బు మార్చింది. కొత్త కాగితాల కట్ట విప్పింది. మధ్యాహ్నమైనా పరస్కీవాకు కామెర్లు తగ్గలేదు.

ఎదురు ఫ్లాట్ యోర్దాకే, ట్రామ్ నడిపి రిటైరైన మనిషి, చిక్కుడుగింజల చారు తీసుకుని వచ్చాడు.

"పట్టపగలు ఈ చీకటేంటమ్మా? గబ్బిలాలు పెంచుతున్నావా?"

"ఇలా వచ్చి చూడండి. ఈవిడ పసుపుగా లేదూ?"

ఆయన వంగాడు. "పసుపా? బుగ్గలు ఎర్రగా ఉంటేనూ! పొయ్యి దగ్గర నుంచి ఇప్పుడే లేచొచ్చినట్టుంది."

"మరి ఈ కాగితం?"

"కాగితం తెల్లగా ఉండక..." మాట ఆపి, ఆమె కళ్ళలోకి చూశాడు.

ఆమె కాగితాన్ని మడిచింది. మళ్ళీ మడిచింది. తప్పు స్క్రీన్‌ది కాదు, తన కళ్ళది. ఏడాదిగా తను పంపిన వాళ్ళంతా వానలో, మంచులో, రాళ్ళ మీద చలికి కొంకర్లు పోయినట్టు నిలబడి ఉన్నారు.

"కూర్చోండి," అంది చివరికి. "మీరు చెప్పండి, నేను జరుపుతాను."

"ట్రామ్ సిగ్నళ్ళు తప్ప నాకు రంగులేం తెలుసు?"

"అవి చాలు."

నాలుగింటిదాకా కూర్చున్నారు. "ఎక్కువైంది, తాగినట్టుంది. కాస్త తగ్గించు. ఆఁ, ఇక ముట్టుకోకు." చారు చల్లారిపోయింది.

ఫోటో పంపాక ఆమె సాండుకు ఫోన్ చేసి, కళ్ళ సంగతి చెప్పి, ఇక పని పంపవద్దంది. ఎవరెవరి ముఖాలు పాడుచేసిందో రాసిస్తానంది.

"నేను రోజూ వస్తాలేమ్మా, నాకేం పని?" అన్నాడు యోర్దాకే గుమ్మంలో. ఆమె నవ్వింది.

మర్నాడు ఎంత తట్టినా తలుపు తీయకపోతే, ఆయన తన దగ్గరున్న తాళంచెవితో లోపలికి వెళ్ళాడు. ఫిలోఫ్తేయా చెప్పులు విడవకుండానే సోఫాలో పక్కకు ఒరిగి ఉంది. నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు.

శుక్రవారం సాండు వస్తే, యోర్దాకే అతన్ని టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడొక కాగితం ఉంది. పెద్ద పెద్ద అక్షరాలతో ముప్ఫై ఒక్క పేర్లు, ప్రతి పేరు ఎదుటా ఒక మాట రాసి ఉంది. అన్నిటికన్నా కింది పేరు ఎదుట, అక్షరాలు కాస్త వంకరపోయిన చోట, ఇలా ఉంది: "ఈయన పడవల రేవులో పనిచేశాడు. ఎండకు నల్లబడిన ముఖం. తెల్లగా చేయకండి."