మూడువేల ఇళ్ళ తరఫున

మూడు నెలల కిందట వచ్చిన సర్వే అమ్మాయి మళ్ళీ గుమ్మం ముందు నిలబడేసరికి గుండీల అత్తకి పైప్రాణాలు పైనే పోయాయి. ఒకసారి అబద్ధం చెప్పి పంపేస్తే వదిలిపోతుందనుకుంది గానీ, ఎంచుకున్న ఇంటికే ఏడాదిలో నాలుగుసార్లు వస్తారని ఆవిడకేం తెలుసు?

ఆ వీధి ఆడవాళ్ళంతా ఇళ్ళలోనే చొక్కాలకి కాజాలు తీసి, గుండీలు కుడతారు. సోమవారం మేస్త్రీ స్కూటరు మీద మూటలు తెచ్చి పడేస్తాడు, శనివారం పట్టుకుపోతాడు. ఎవరడిగినా కుడుతున్నామని చెప్పొద్దనీ, బయటివాళ్ళకి తెలిస్తే ఆ ఇంటికి మూట బందనీ ముందే బెదిరించి ఉంచాడు. మూట ఆగితే కోడలు దూరాన ఉన్న మిల్లులో చేరి, అక్కడి హాస్టల్లోనే ఉండిపోవాలి. భర్త పోయాడు, కొడుకు పోయాడు. వెళ్ళేవాళ్ళని సాగనంపి సాగనంపి ఆవిడ కాళ్ళు అరిగిపోయాయి. ఇక కోడలు కూడానా? అందుకే కిందటిసారి, ఈ ఇంట్లో ఎవరం ఏ పనీ చెయ్యం, తిని కూర్చుంటాం అని రాయించింది.

ఇవాళ మూట మంచం కింద ఉంది. దుప్పటి అంచు కిందికి లాగి, ఆ మంచం మీదే కూర్చుంది.

సర్వే అమ్మాయి చెమట తుడుచుకుని ఫోను తీసింది. కిందటిసారి ఈ వీధిలో తను అడిగిన ఎనిమిది ఇళ్ళలోనూ ఒక్క ఆడమనిషీ పని చెయ్యడం లేదన్నారనీ, ఇల్లు కదలకుండా రాసుకొచ్చావా అని ఆఫీసులో తననే నిలదీశారనీ చెప్పింది. దేశంలో ఎంతమంది ఆడవాళ్ళు పని చేస్తున్నారో ఈ జవాబుల్లోంచే లెక్క కడతారట.

"మీ ఇల్లొక్కటే అనుకోకండి పెద్దమ్మగారూ. అన్ని ఇళ్ళూ తిరగలేం కదా. మీరు చెప్పింది మూడువేల ఇళ్ళ తరఫున లెక్కలో పడుతుంది."

గుండీల అత్త చొక్కాలకి చుట్టి వచ్చే పాత పేపరు ముక్కల్ని కూడా వదలకుండా చదివే మనిషి. ఆడవాళ్ళకి పనులు తగ్గాయని మొన్ననే ఒక ముక్కలో చదివి, పాపం ఎవరో అనుకుంది. మూడువేల ఇళ్ళలో సూది పట్టిన చేతులన్నీ తన ఒక్క మాటతో ఒళ్ళోకి జారిపోయినట్టు తోచింది.

అమ్మాయి ప్రశ్న చదివింది. గడిచిన ఏడు రోజుల్లో కోడలు డబ్బు కోసం కనీసం ఒక గంటైనా పని చేసిందా?

వంటగది గడపలోకి కోడలు వచ్చి నిలబడింది. చీర నిండా దారప్పోగులు.

"చెప్పండి అత్తయ్యా. తిని కూర్చుంటోందని మళ్ళీ చెప్పండి."

"నీకు తెలీదే, ఊరుకో. మూట ఆగిపోతే నువ్వు..."

"వెళ్ళిపోతాననే కదా మీ భయం? మెడ వంగిపోయేలా కుట్టింది పనే కాదంటే ఇక్కడెందుకుండాలి? పనని ఒప్పుకునే చోటికే పోతాను."

కోడలి గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

గుండీల అత్త దుప్పటి అంచుని గుప్పిట్లో నలిపింది. 

"గంటేమిటమ్మా. రోజుకి తొమ్మిది గంటలు. రాసుకో."

"మరి మీరు?"

ఆ ప్రశ్న తననీ అడుగుతారని ఆవిడ అనుకోలేదు. తనేం చేస్తుందనీ, ఊరికే గుండీలు కుడుతుందనీ గొణిగింది.

"ఊరికేనట," అంది కోడలు. "ఆవిడ ఊరికే కుట్టబట్టే ఊళ్ళో మగాళ్ళ చొక్కాలు ఊడకుండా ఉన్నాయి."

నాలుగు గంటలని రాయించింది గుండీల అత్త.

పేర్లు బయటికి పోవని అమ్మాయి ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు. పక్కింటికి బయల్దేరిన అమ్మాయి వెనకే గుమ్మంలోకి వచ్చింది. పక్కింటావిడ తలుపు ఓరగా తీసి, సర్వే అమ్మాయిని కాక గుండీల అత్తనే చూస్తోంది, ఏం చెప్పావన్నట్టు. మేస్త్రీ ఒక్క ఇంటి మూట ఆపగలడు. వీధంతా కుడుతున్నామనే చెబితే శనివారానికి చొక్కాలు ఎవరిచేత కుట్టిస్తాడు? ఆ ఆలోచన నిలుస్తుందో లేదో ఆవిడకి తెలీదు. పక్కకి వచ్చి నిలబడ్డ కోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుని, చెప్పెయ్యమన్నట్టు పక్కింటావిడకి తలూపింది.