బాయిలర్ దగ్గర కునుకు

పొద్దున్నే బాయిలర్ ఆపేశారు. మధ్యాహ్నానికల్లా లాండ్రీ షెడ్డులో హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు మూటలు మూటలుగా పేరుకుపోయి కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది. చన్నీళ్ళతో ఉతికినవాటికి మరకలు వదలడం లేదు. ఇస్త్రీ దగ్గర నిలబడే ఆడవాళ్ళు పని లేక గోడకు ఆనుకుని కూర్చున్నారు. బయట షువైఖ్ పారిశ్రామికవాడలో రేకుల షెడ్ల మీద ఎండ కాగిన పెనంలా ఉంది. మేనేజరు కుక్కుటేశ్వరరావు అప్పటికి ఎన్నోసార్లు వచ్చి, "ఇంకా ఎంతసేపయ్యా?" అని అడిగి వెళ్ళాడు.

బాయిలర్ గదిలో చిన్నరాజం మోకాళ్ళ మీద కూర్చుని, బర్నర్ కింద కారిన డీజిల్‌ను పాతగుడ్డతో తుడుస్తున్నాడు. జగిత్యాల దగ్గరి పల్లెటూరు అతనిది. అరబ్బు దేశం వచ్చి ఈ లాండ్రీలో చేరి పదేళ్ళు దాటింది. బాయిలర్‌కు ఎడమవైపు నేలను మాత్రం అతను తుడవలేదు. రెండు వారాల కిందట, తనతో పాటు బాయిలర్ కాసే నర్సింగ్ పడింది అక్కడే. పడ్డ నీళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి గాని, అక్కడికి గుడ్డ తీసుకుపోవడానికి అతనికి చెయ్యి రాలేదు.

కొత్త పరికరం పెట్టడానికి వచ్చినవాడు సూర్యకిరణ్. రాజోలు పక్క ఊరివాడు, ముప్పై దాటిన మనిషి, మరో కంపెనీలో మెకానిక్. అతను తెచ్చిన ఎలక్ట్రానిక్ కంట్రోలరు అరచేతిలో పట్టేంత ఉంది. ముందు ఎర్ర అంకెలు కనబడే చిన్న అద్దం, కింద నాలుగు మీటలు. దాని నుంచి వెళ్ళే తీగ చివర వేలంత సెన్సారు. ఆ సెన్సారు బాయిలర్‌లో నీళ్ళు ఎంత కాగాయో చూసి చెబుతుంది. అనుకున్న వేడి రాగానే కంట్రోలరు బర్నర్‌ను ఆపుతుంది, వేడి తగ్గితే మళ్ళీ వెలిగిస్తుంది. ఎవరూ కాపలా ఉండనక్కరలేదు.

సూర్యకిరణ్ మెయిన్ స్విచ్ ఆపి, టెస్టరుతో ఒకటికి రెండుసార్లు చూసుకుని, పాత థర్మోస్టాట్ మూత విప్పాడు. విప్పి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. టార్చిలైటు దగ్గరగా పట్టాడు. స్క్రూడ్రైవర్ మొనతో కదిపి చూశాడు.

"ఇది అతుక్కుపోయిందండీ," అన్నాడు. "వేడెక్కితే ఈ రెండు రేకులూ విడిపోవాలి. కాలి ముద్దయిపోయాయి. మరి బర్నర్‌ని ఆగమని చెప్పేదెవరండీ?"

"మేమే చెప్పేటోళ్ళం," అన్నాడు చిన్నరాజం. "ముల్లు ఎనభై కాడికొస్తే స్విచ్ బంద్ పెట్టుడు, దిగినంక మల్ల చాలు జేసుడు. రంజాన్ కంటె ముందల్నుంచి గిదే పని."

"మేనేజరు గారికి చెప్పలేదా?"

"ఎన్నిసార్లని చెప్తం తమ్మీ."

చెప్పిన మాట నిజం. మొదటిసారి చెప్పినప్పుడు కుక్కుటేశ్వరరావు, కొత్తది తెప్పిస్తానన్నాడు. రెండోసారి, మీరు ఇద్దరు మనుషులు ఉన్నారు కదా, చూసుకోండి అన్నాడు. మూడోసారి నర్సింగ్ వెళ్ళి అడిగితే, పని చేతకాకపోతే ఊరికి పొమ్మన్నాడు. అంతకుముందు బాయిలర్‌కు ముగ్గురు కాపలాదార్లు ఉండేవారు. మూడోవాడు, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా గడువు తీరి వెళ్ళిపోయాక అతని చోట ఎవరినీ పెట్టలేదు. పగలు ఒకరు, రాత్రి ఒకరుగా మిగిలారు. పెళ్ళిళ్ళ రోజుల్లో హోటళ్ళ గుడ్డలు ఎక్కువగా వస్తే, పగలు చేసినవాడే రాత్రీ ఉండాల్సి వచ్చేది. చిన్నరాజానికి జ్వరం తగిలినప్పుడు అట్లాగే నర్సింగ్ రెండు పూటలూ కలిపి ఉన్నాడు. తెల్లవారే ముందు నీళ్ళు హద్దు దాటి కాగి, బాయిలర్ మీది సేఫ్టీ వాల్వు తెరుచుకుంది. వాల్వు చేయాల్సిన పనే అది. కాని అందులోంచి వచ్చే వేడినీళ్ళను కాలవలోకి దింపే గొట్టం ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయింది. నీళ్ళూ ఆవిరీ కలిసి కిందున్న మనిషి మీద పడ్డాయి. మెడ, ఛాతీ, కుడిచెయ్యి. ఆ చేతివేళ్ళు మళ్ళీ ముడుచుకుంటాయో లేదో చెప్పలేమని డాక్టర్లు అన్నారు.

సూర్యకిరణ్ పాత థర్మోస్టాట్‌ను విప్పి తన సంచిలో వేసుకున్నాడు. కొత్త సెన్సారుకు తెల్లటి పేస్టు రాసి, బాయిలర్ ఒంటికున్న గొట్టంలోకి చివరికంటా దూర్చాడు. వేడి తగలని గోడకు కంట్రోలరు బిగించి తీగలు కలిపాడు. పక్కనే ఇంకో చిన్న పెట్టె పెట్టాడు. కంట్రోలరు చెడిపోయినా, వేడి మరీ మించితే ఇది బర్నర్‌ను ఆపేస్తుందని, మనిషి వచ్చి మీట నొక్కితే తప్ప మళ్ళీ వెలగదని చెప్పాడు. ఊడిన గొట్టం చోట కొత్త గొట్టం కూడా వేసి కాలవలోకి దింపాడు.

"ఇదంతా ఎంతయితది తమ్మీ?" అని అడిగాడు చిన్నరాజం.

సూర్యకిరణ్ చెప్పలేక చెప్పినట్టు, "పెట్టెలు రెండూ, గొట్టం కలిపి నలభై అయిదు దినార్లండి," అన్నాడు.

నర్సింగ్ జీతం తొంభై. అతని నెల జీతంలో సగం. చిన్నరాజం గుడ్డ పిండి పక్కన పెట్టాడు.

కాసేపటికి కుక్కుటేశ్వరరావు వాళ్ళిద్దరినీ తన గదికి పిలిపించాడు. ఆయనది పిఠాపురం. ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడికి గుమాస్తాగా వచ్చి మేనేజరయ్యాడు. అసలు యజమాని, అంటే వీళ్ళందరి కఫీల్, ఎప్పుడో గాని షెడ్డు గడప తొక్కడు. ఏసీ గదిలో వాళ్ళకు చాయ్ తెప్పించాడు. అట్లా చాయ్ తెప్పించడం చిన్నరాజం ఎన్నడూ చూడలేదు.

విషయం ఆయన నెమ్మదిగానే చెప్పాడు. నర్సింగ్ సంగతి కార్మిక శాఖ ఆఫీసుకు చేరింది. రేపు అక్కడ ఆఫీసరు విచారిస్తాడు. తప్పు యంత్రానిదని తేలితే నర్సింగ్‌కు కంపెనీ నష్టపరిహారం ఇవ్వాలి, పైన జరిమానా పడుతుంది. మనిషి తప్పయితే ఆ గొడవే ఉండదని ఆయన లెక్క. కఫీల్‌కు కోపం వస్తే షెడ్డే మూసేస్తాడని, అప్పుడు ఇస్త్రీ ఆడవాళ్ళతో సహా అందరూ విమానం ఎక్కాల్సిందేనని కూడా చెప్పాడు.

"చూడు రాజం, రెండే ముక్కలు," అన్నాడు చివరికి. "మిషను బాగానే ఉంది. నర్సింగ్ నిద్రపోయాడు. అబద్ధం ఏముంది ఇందులో? వాడు నిద్రపోలేదని నువ్వు ప్రమాణం చేసి చెప్పగలవా?"

చిన్నరాజం తల వంచుకున్నాడు.

"ఈ కొత్తది వచ్చాక ఇంక ఇద్దరు మనుషులక్కర్లేదు. ఒక్కడు చాలు. ఆ ఒక్కడివీ నువ్వే. నీ ఇఖామా గడువు తీరేది వచ్చే నెల కదా? నేను దగ్గరుండి చేయిస్తాను."

తర్వాత సూర్యకిరణ్ వైపు తిరిగి, పాత థర్మోస్టాట్ ఎక్కడుందని అడిగాడు. డీజిల్ ఆదా కోసం కొత్తది పెట్టామని, పాతదాంట్లో లోపం ఏమీ లేదని ఎవరడిగినా అనమన్నాడు. మన జిల్లావాడివి, నీకు వేరే చెప్పాలా అన్నాడు. ఇంకా రెండు లాండ్రీల పని ఉందని, అదీ మీ కంపెనీకే ఇప్పిస్తానన్నాడు. సూర్యకిరణ్ చాయ్ పూర్తిగా తాగాడు. తాగి, సంచిలోంచి పాత థర్మోస్టాట్ తీసి బల్ల మీద పెట్టాడు. కుక్కుటేశ్వరరావు దాన్ని సొరుగులో వేసి మూశాడు.

బయటికి వచ్చాక చిన్నరాజం సూర్యకిరణ్ మొహంలోకి చూశాడు.

"నేను పెట్టడానికి వచ్చానండి," అన్నాడు సూర్యకిరణ్, చూపు తిప్పుకుని. "చెప్పడానికి రాలేదు."

బర్నర్ వెలిగించి చూశారు. ఎర్ర అంకెలు ఒక్కొక్కటే పెరిగి ఎనభై కాగానే మంట దానంతట అదే ఆరిపోయింది. కాసేపటికి డెబ్బై రెండుకు దిగి, మళ్ళీ దానంతట అదే వెలిగింది. షెడ్డులో యంత్రాలన్నీ ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టాయి. కుక్కుటేశ్వరరావు గుమ్మంలో నిలబడి, "యల్లా, యల్లా," అని తొందరపెడుతూ చప్పట్లు కొట్టాడు. సూర్యకిరణ్ సామాను సర్దుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం మంగ వచ్చింది. నర్సింగ్ భార్య. సల్వాలో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్ళు మామా అంటారు. ఆ మామా గంటసేపు సెలవిచ్చి, డ్రైవరుతో పంపింది. భర్త బట్టలు తీసుకుపోవడానికి వచ్చింది మంగ. పైన వేసుకున్న నల్ల అబాయా అంచుతో చెమట తుడుచుకుంటూ, బాయిలర్ గది గుమ్మం దగ్గరే నిలబడి చిన్నరాజం ఇచ్చిన మూట అందుకుంది. అందుకుని కదల్లేదు.

"అన్నా, మీ సారు ఫోన్ జేసిండు," అంది. "నీ పెనిమిటి పండుకున్నడు, అందుకే గిట్లయింది అన్నడు. ఆయన పండుకున్నడా?"

ఆస్పత్రిలో నర్సింగ్ చిన్నరాజంతో ఒక్కమాటే అన్నాడు. కండ్లు మూసిన్నో లేదో నాకే ఎరుక లేదు రాజన్నా అన్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పొద్దని మాత్రం అనలేదు.

"కునుకు పట్టొచ్చు చెల్లె," అన్నాడు. "పగలంత నిలబడ్డడు, రాత్రంత నిలబడ్డడు. మనిషి గద."

మంగ ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు.

"మా మామా పొద్దెక్కెదాంక పండుకుంటది," అంది. "ఆమె ఇంట్ల నీళ్ళు కాగుతనే ఉంటయి. ఆమె మీద ఎన్నడు ఏం పడలే. గరీబోడు కన్ను మూస్తెనే పడాల్నా అన్నా?"

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. చిన్నరాజం బాయిలర్ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. చేయడానికి పనేమీ లేదు. మంట ఆరుతోంది, వెలుగుతోంది. ఇన్నాళ్ళూ తానూ నర్సింగూ కళ్ళు కాయలు కాచేలా చేసిన పనిని ఆ పెట్టె విసుగు లేకుండా చేసుకుపోతోంది. దాని మీద అతనికి కోపం రాలేదు. మంచి పెట్టే. రంజాన్ ముందు వచ్చి ఉంటే నర్సింగ్ చెయ్యి నర్సింగ్‌కు ఉండేది. మేనేజరు ముందు తాను తల వంచుకున్న సంగతి గుర్తొచ్చింది. ఆ తల వంచడాన్ని ఆయన ఒప్పుకోలుగానే తీసుకున్నాడు. కాదని తాను అనలేదు కూడా.

మర్నాడు కార్మిక శాఖ ఆఫీసులో కుర్చీలన్నీ నిండిపోయి జనం గోడల వెంట నిలబడి ఉన్నారు. కుక్కుటేశ్వరరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని వచ్చాడు. వాళ్ళ నంబరు పిలిచాక ఇద్దరూ వెళ్ళి ఆఫీసరు ఎదుట కూర్చున్నారు. ఆఫీసరు పెద్దవయసు మనిషి. కంప్యూటరు మీద నుంచి చూపు తీయకుండా అరబ్బీలో ఏదో అడిగాడు. కుక్కుటేశ్వరరావు వినయంగా నవ్వి, ఇతనికి అరబ్బీ రాదు, నేను చెబుతాను అన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఏం జరిగిందో చెప్పమంటున్నారు," అన్నాడు చిన్నరాజంతో. "చెప్పు, రెండు ముక్కలు."

చిన్నరాజం గొంతు సవరించుకున్నాడు.

"థర్మోస్టాట్ కాలిపోయింది సారూ. రంజాన్ ముందల్నే కాలిపోయింది. మేం చెప్పినం. నర్సింగ్ పగలు రాత్రి రెండు డ్యూటీలు జేసిండు. వాల్వు కింద గొట్టం లేకుండె. గదీ జరిగింది."

కుక్కుటేశ్వరరావు మొహం మారలేదు. అదే వినయంతో ఆఫీసరు వైపు తిరిగి అరబ్బీలో చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. చిన్నరాజం చెవులు రిక్కించి విన్నాడు. పదేళ్ళుగా పనిమీద చెవిన పడ్డ అరబ్బీ తప్ప అతనికి వేరే అరబ్బీ రాదు. ఆ మాటల్లో 'నౌమ్' అన్నది రెండుసార్లు వినబడింది. నౌమ్ అంటే నిద్ర అని అతనికి తెలుసు. థర్మోస్టాట్ అన్న మాట ఒక్కసారి కూడా వినబడలేదు. ఆఫీసరు తల ఊపి కంప్యూటరులో టైపు చేయసాగాడు.

"లా," అన్నాడు చిన్నరాజం.

ఆఫీసరు వేళ్ళు ఆగాయి.

"లా. హాదా కలాం మూ సహ్."

కాదు, ఈ మాట నిజం కాదు. అంతకుమించి చెప్పడానికి అతని దగ్గర అరబ్బీ లేదు. ఆఫీసరు మొదటిసారి తల ఎత్తి అతన్ని చూశాడు. వేగంగా ఏదో అడిగాడు. అందులో ఒక్క మాటా చిన్నరాజానికి అర్థం కాలేదు. అర్థం కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, గుండెల మీద చెయ్యి వేసుకుని, తన మాట అరబ్బీలో చెప్పే మరో మనిషి కావాలని హిందీలో అన్నాడు.

కుక్కుటేశ్వరరావు నవ్వు చెదరకుండానే అతని చెవి దగ్గరకు వంగాడు.

"నీ ఇఖామా నా చేతిలో ఉంది రాజం. లే. ఖలాస్, పోదాం పద."

వెనక తర్వాతి నంబరు పిలిచారు. ఎవరో వచ్చి చిన్నరాజం కుర్చీ వెనక నిలబడి ఎదురు చూస్తున్నారు. కుక్కుటేశ్వరరావు లేచి నిలబడి అతని భుజం పట్టుకున్నాడు. ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

చిన్నరాజం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని అలాగే కూర్చున్నాడు.